లాప్లాండ్‌లో ఆకులు ఎరుపెక్కే వేళ

ప్రశ్న: ఫిన్లాండులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. లాప్లాండ్‌లో ఆకుల రంగులు చూస్తూ కొండల్లో నడవాలని ఆశ. ఎప్పుడు వెళ్లాలి? అరవై దాటినవాళ్లం, మావల్ల అవుతుందా?

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. ఆ రంగుల కాలాన్ని అక్కడ ‘రుస్కా’ అంటారు. సాధారణంగా సెప్టెంబరు రెండు, మూడు వారాల్లో నిండుగా ఉంటుంది. ఒక్క గాలివానకే ఆకులు రాలిపోవచ్చు కాబట్టి రెండు రోజులు అటూ ఇటూ జరిగేలా టికెట్లు చూసుకోండి.

నా ఓటు పల్లాస్-యుల్లాస్ జాతీయ వనానికే. హెల్సింకీ నుంచి కోలారి దాకా రాత్రి రైలు, ఆపైన బస్సు. హెట్టా నుంచి పల్లాస్ వరకు సుమారు 55 కిలోమీటర్ల దారి ప్రసిద్ధమే గానీ, మీకు అదంతా అక్కర్లేదు. పల్లాస్‌లో దిగి, 807 మీటర్ల తైవాస్కెరో శిఖరం ఎక్కి వస్తే ఒక పూట నడక. మోకాళ్లు బాగుంటే చాలు, తొందరపడకండి.

చెట్లవైపే చూస్తూ నడిచేవాళ్లు అసలు అందాన్ని వదిలేసుకుంటారు. పైన బర్చ్ చెట్లు పసుపు పచ్చగా ఉంటే, మోకాలెత్తు కూడా లేని మరుగుజ్జు బర్చ్ పొదలూ బ్లూబెర్రీ ఆకులూ కొండవాలు మొత్తాన్ని ఎర్రగా కప్పేస్తాయి. చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాకే ఆ ఎరుపు పూర్తిగా కనిపిస్తుంది. అందుకే ఎక్కమంటున్నాను.

దోమల బాధ అప్పటికి దాదాపు ఉండదు. చలి మాత్రం ఉంటుంది: రాత్రి సున్నాకి దిగవచ్చు, మంచూ పడవచ్చు. బురదనేలల మీద వేసిన చెక్క పలకలు పొద్దున్నే జారతాయి, పట్టున్న బూట్లు, చేతికర్ర తప్పనిసరి. ఆకాశం తేటగా ఉంటే రాత్రి కాసేపు బయటికి రండి, ధ్రువకాంతులు కనిపించే కాలం కూడా అదే.