చేతి గడియారపు తోలుపట్టీ: చెమటనుండి దాని రక్షణ

పెండ్లిలో అల్లునికి చేతి గడియారము పెట్టుట మన పల్లెలలో చిరకాలముగా నున్న మర్యాద. 1961లో హెచ్.ఎం.టి. సంస్థ జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరులో గడియారముల నిర్మాణము నారంభించిన పిమ్మట అవి గ్రామములకు కూడ విరివిగా చేరినవి. ఆనాటి గడియారములు నేటికిని కొన్ని యిండ్లలో నడచుచున్నవి. గడియారము ఏండ్ల తరబడి నడచును గాని, దానిని చేతికి పట్టియుంచు తోలుపట్టీ అట్లు మన్నదు. నీరు తోడుటకు బావిలోనికి వంగినప్పుడో, పొలములో పనలు మోయునప్పుడో పట్టీ పుటుక్కున తెగును. చవకైన పట్టీని సకాలమున మార్చకపోవుటచే తండ్రి యిచ్చిన గడియారము నీటిపాలగును. కావున ఈ చిన్న వస్తువు ఎందుచేత చెడునో, ఎట్లు కాపాడుకొనవలెనో తెలిసికొనుట అవసరము.

తోలు స్వభావము

తోలు అనగా సన్నని నారపోగుల అల్లిక. ఈ పోగులు కొల్లాజను అను మాంసకృత్తుతో నేర్పడినవి. పచ్చిచర్మము తడిగా నున్న కుళ్లును, ఎండిన కట్టెవలె బిగియును. ఈ రెండు దోషములను పోగొట్టుటకే దానిని ఊనుదురు, అనగా పదును చేయుదురు.

పదును చేయు పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది చెట్ల బెరళ్లతో చేయునది. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ మొదలగు వానిలోని వగరు పదార్థము చర్మపు పోగులను పట్టి కుళ్లనీయకుండ కాపాడును. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పముగా ప్రకటింపబడిన తంగేడు, దక్షిణదేశపు తోళ్ల పరిశ్రమకు తరతరములుగా ఆధారమైన మొక్క. రెండవది క్రోమియము లవణములతో చేయునది. పచ్చిచర్మము సుమారు 60, 65 డిగ్రీల వేడినీటిలోనే ముడుచుకొనిపోవును. బాగుగా పదునైన క్రోము తోలు 100 డిగ్రీల వేడిని కూడ తట్టుకొనగలదు. బెరడుతో పదునైన తోలు ఈ రెంటికి నడుమ నుండును. 1948లో మద్రాసులో స్థాపింపబడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఈ విద్యలో మన దేశమునకు ప్రధాన కేంద్రము.

చెమట చేయు హాని

చెమటలో నూటికి 99 పాళ్లు నీరే. మిగిలిన స్వల్పభాగములో ఉప్పు, యూరియా, లాక్టికామ్లము మున్నగునవి కలవు. అప్పుడే పట్టిన చెమటకు కొంచెము ఆమ్లగుణ ముండును. అది పట్టీలో నిలిచినచో సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా మార్చును. అంతట చెమటకు క్షారగుణము వచ్చును. పట్టీ దుర్గంధమునకు కూడ ఈ సూక్ష్మజీవులే కారణము.

బెరడుతో పదునైన తోలునకు ఈ క్షారము మిక్కిలి హానికరము. అది వగరు పదార్థమును కొంచెము కొంచెముగా కరగించివేయును. తోలు నల్లబడి, గట్టిపడి, తుదకు పగులును. క్రోము తోలు చెమటకు ఎక్కువ కాలము నిలుచును. కాని అదియు శాశ్వతము కాదు. లాక్టికామ్లము క్రోమియమును కూడ మెల్లగా లాగివేయగలదు. ఇక నీరు ఆవిరియై పోయినను ఉప్పు పోగుల నడుమనే నిలిచిపోవును. ఆ ఉప్పే పట్టీని పట్టియుంచు ఉక్కు పిన్నును త్రుప్పు పట్టించును. పట్టీ చక్కగా నుండగనే గడియారము జారిపడుటకు తరచుగా ఈ పిన్నే కారణము.

వాడుకవలన అరుగుదల

బకిలు పడు రంధ్రమువద్ద పట్టీ ప్రతిదినము ఒకే చోట వంగును. పెట్టునప్పు డొకసారి, తీయునప్పు డొకసారి లెక్కించినను ఏడాదికి 730 మారులు వంగును. చెమటచే గట్టిపడిన తోలు ఇన్ని వంపుల నోర్వజాలదు. కావున పగుళ్లు మొదట రంధ్రములవద్దను, పిన్ను దూరు మడతవద్దను కనిపించును. నూలుదారపు కుట్టు చెమటకు చీకిపోవును. నైలాను దారము ఎక్కువ కాలము నిలుచును.

కొనునప్పుడు

పట్టీ అంచును, రంధ్రములను పరిశీలింపుడు. నిజమైన తోలులో సన్నని పోగులు కానవచ్చును. రెక్సినులో గుడ్డ పొర కానవచ్చును. చేతికి తగులు లోపలి పొర కూడ తోలేనా యని చూడుడు. చెమటను మొదట భరించునది అదియే. మెల్లగా వంచినప్పుడు పైపూత పగిలిన పట్టీ పనికిరాదు.

కాపాడు విధము

1. పట్టీ క్రింద చిటికెనవ్రేలు దూరునంత వదులు ఉంచవలెను. గాలి తగిలిన చెమట ఆరును.

2. రాత్రి గడియారమును తీసి, లోపలి భాగమును పొడిగుడ్డతో తుడిచి, గాలి తగులుచోట ఉంచవలెను. ప్లాస్టికు సంచిలో పెట్టిన బూజు పట్టును.

3. తడిసిన పట్టీని నీడనే ఆరబెట్టవలెను. ఎండలోను, పొయ్యివద్దను తోలు బిగిసి పగులును.

4. సబ్బుతోగాని, చాకలిసోడాతోగాని కడుగరాదు. వానిలో నుండునదియు క్షారమే. తడిపి పిండిన గుడ్డతో తుడిచిన చాలును.

5. కొబ్బరినూనె పట్టించుట మంచిది కాదు. తోలు మెత్తబడి సాగును, దుమ్ము పట్టును. రంగులేని పాలిషు పైభాగమునకు మాత్రము అప్పుడప్పుడు కొద్దిగా రాయవచ్చును.

6. స్నానము, నాట్లు, పురుగుమందు చల్లుట మొదలగు పనులందు గడియారమును తీసి యుంచవలెను. తప్పనిసరియైనచో ఉతుకుటకు వీలగు నైలాను పట్టీ వాడుట మేలు.

7. మణికట్టుపై దద్దురు లేచినచో వెంటనే పట్టీ తీసివేయవలెను. నిలిచిన చెమటయేగాక, తోలులోని క్రోమియము, బకిలులోని నికెలు కూడ కొందరికి పడవు. దద్దురు తగ్గనిచో వైద్యునికి చూపవలెను.

ఎంత జాగ్రత్తపడినను దినమెల్ల చెమటలో నానిన తోలు ఒకనాటికి చెడక తప్పదు. నెలకొకసారి పట్టీని వంచి పగుళ్లను, పిన్నును కదల్చి త్రుప్పును చూచుకొనవలెను. కుట్టు విడినచో చెప్పులు కుట్టు పనివారిచే కుట్టించుకొనవచ్చును. రంధ్రమువద్ద తోలు చిరిగినచో మరి జాగుచేయక పట్టీని మార్చవలెను. పిన్ను త్రుప్పుపట్టినచో దానిని కూడ మార్చవలెను. గడియారము బావిలో పడిన పిమ్మట విచారించుటకంటె ముందుగానే మేలుకొనుట ఉత్తమము గదా!