గాలం వేసే ముందు గాలిని చూడండి

ఆదివారం వస్తే రాడ్డు, రీలు పట్టుకుని బరంపురం నుంచి గోపాలపురానికో, ఆర్యపల్లికో బయల్దేరే మన పిల్లల కోసం ఈ మాటలు. చేప పడకపోతే ఎరను తప్పుపడతాం. చాలాసార్లు కారణం నీటిలో ఉంటుంది, ఆ నీటిని నడిపేది రుతువు. ఈ ఒడ్డున ఇన్నేళ్లూ గాలం వేసి, నోళియా జాలరుల వాడల్లో తెప్పల పెద్దలను అడిగి నేర్చుకున్నవి ఇవి.

1. నీటి వాలు తెలుసుకోండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట సముద్ర ప్రవాహం ఉత్తరానికి, పూరీ వైపు సాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడి శ్రీకాకుళం వైపు లాగుతుంది. ఒడ్డున అలలు విరిగే చోట మాత్రం గాలిని బట్టి పూటపూటకీ మారుతుంది. సీసం ఎటు కొట్టుకుపోతోందో చూసి, దానికి ఎదురు దిక్కున విసరండి.

2. పంచాంగం దగ్గర పెట్టుకోండి. అమావాస్యకు, పున్నమికి పోటు బలంగా ఉంటుంది, అష్టమి ప్రాంతంలో మందగిస్తుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీరు తీయడం మొదలవగానే ఏటిలోని చిన్న చేపలు, రొయ్యలు ఏరు సముద్రంలో కలిసే మొగలోకి కొట్టుకొస్తాయి. పండుగప్ప కాచుకునేది అక్కడే. అయితే దిగిపోయే నీరు ఎదురొచ్చే అలను ఢీకొన్నప్పుడు మొగ మహా ప్రమాదకరం. ఇసుక తిన్నె అంచున నిలబడకండి, అది కాళ్ల కింద కరిగిపోతుంది.

3. ఎర్రనీటికి వాసన ఎర. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఋషికుల్య నది తూర్పు కనుమల మట్టిని మోసుకొస్తుంది. మంచినీరు తేలిక కనుక పైన పారుతుంది, బరువైన ఉప్పునీరు అడుగున ఉంటుంది. ఆ మసకలో మెరిసే ప్లాస్టిక్ ఎర చేప కంటికి ఆనదు. పచ్చి రొయ్య గుచ్చి అడుగుకు దించండి.

4. పెద్ద పండుగప్పను వదిలేయండి. అది మగచేపగా ఈడుకొచ్చి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. మూడడుగులు దాటినది దాదాపు ఎప్పుడూ ఆడదే. వానాకాలంలో గుడ్లు పెట్టడానికే మొగల దగ్గర ఉప్పునీటికి చేరుతుంది. ఒక్క తల్లి కడుపులో లక్షల గుడ్లుంటాయి. ఫొటో తీసుకుని నీటిలోకి పంపండి.

5. అక్టోబరును నమ్మకండి. వాన తగ్గి, నీరు తేటపడి, వేట రుచి మరిగే నెల అది. కానీ 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర, 2013 అక్టోబరు 12న ఫైలిన్‌గా మళ్లీ ఇక్కడే, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీగా తుఫాను ఒడ్డెక్కింది. గాలి లేకుండానే ఎడమెడంగా, పొడవాటి అలలు వస్తున్నాయంటే దూరాన ఏదో పుట్టిందని అర్థం. రేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేసినా చాలు, సామాను సర్దుకోండి.

6. చలికాలంలో తాబేలుకు దారివ్వండి. సముద్ర తాబేళ్ల కోసం ఋషికుల్య మొగ చుట్టుపక్కల సముద్రంలో నవంబరు 1 నుంచి మే 31 దాకా వేటపై ఆంక్షలుంటాయి. 2023లో అక్కడ ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఆ నెలల్లో గాలాలు, టార్చిలైట్లు అటు తీసుకెళ్లకండి. మరోచోట వేసేవారికి ఒక మాట: లోతు తక్కువ నీరు రాత్రికి చల్లబడుతుంది, ఎండెక్కాకే చేప కదులుతుంది.

7. వేసవిలో మబ్బుకు భయపడండి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మధ్యాహ్నం చేప లోతుకు పోతుంది, తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ మేతకొస్తుంది. ఆ సాయంత్రాలే కాలవైశాఖి పిడుగులకూ వేళ. కార్బన్ రాడ్డులో విద్యుత్తు పారుతుంది. ఉరుము వినబడగానే రాడ్డు కింద పెట్టి, గట్టి కప్పున్న ఇంట్లోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరిక, హైదరాబాదు ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల సమాచారం చూసుకోండి. ఆపైన ఒడ్డున కనిపించిన తెప్పల పెద్దను అడగండి. ఆయన వద్దంటే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, తిరిగి ఇంటికి వెళ్లిపోండి.