మబ్బు రోజుకు సున్నా వేయకు

చిట్టితల్లీ,

సూర్యుడి మచ్చలకు నీ లెక్క 41, రోజూ ఆ అంకె ప్రకటించే బ్రసెల్స్ కేంద్రం వాళ్లది 67. "నేను తప్పు లెక్కపెట్టానా తాతయ్యా?" అంటావు. లెక్కలో తప్పేం లేదమ్మా. ఆ 41ని కొట్టేసి, వాళ్లదానికి దగ్గరగా ఉండాలని పక్కన 60 అని దిద్దావు చూడు, తప్పంతా అదే. ఇంకెప్పుడూ అలా చెయ్యకు.

మూడు గుంపులకు పదేసి చొప్పున 30, మచ్చలు 11, కలిపి 41. 1848లో రుడాల్ఫ్ వోల్ఫ్ పెట్టిన పద్ధతి ఇది. చిన్న దుర్భిణికి చిన్న మచ్చలు అందకపోవచ్చు, గుంపు మాత్రం దాదాపుగా దొరుకుతుంది. అందుకే దానికంత విలువ. అందరికీ ఒకేలా కనిపించదని ఆయనకు తెలుసు. అందుకే ఒక్కొక్కరి లెక్కకూ ఒక గుణకం పెట్టాడు. నీ గుణకం నెలల తరబడి పోల్చి చూస్తే గానీ తేలదు. మధ్యలో నువ్వే దిద్దుకుంటూ పోతే ఇక తేలేదేముంది?

నేను చేసిన పొరపాటు చెబుతాను. ఒక వేసవిలో రెండంగుళాల దుర్భిణి పక్కన పెట్టి నాలుగంగుళాలది కొన్నాను. ఏ రోజు మార్చానో పుస్తకంలో రాయలేదు. మచ్చలు ఒక్కసారిగా పెరిగాయి. సూర్యుడు రెచ్చిపోతున్నాడని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. పెరిగింది మచ్చలు కాదు, నా అద్దం. కొన్నాళ్లు రెండింటితోనూ చూసి రాసుకుని ఉంటే సరిపోయేది. ఆ మార్పుకు ముందూ తర్వాతా రాసిన అంకెలు ఈనాటికీ ఒకదానితో ఒకటి అతకవు.

పెద్ద పరిశీలనశాలలకూ ఇలాంటి పొరపాటు తప్పలేదు. 1940ల నుంచి జ్యూరిక్‌లో పెద్ద మచ్చను ఒకటిగా కాక, సైజును బట్టి ఐదు దాకా లెక్కించారు. దాంతో ఆ తర్వాతి దశాబ్దాల్లో సూర్యుడు ఉన్నదానికంటే చురుగ్గా కనిపించాడు. 2015లో మచ్చల అంకెల పట్టిక మొత్తం సవరించాల్సి వచ్చింది. పాత పుస్తకాల్లోని అంకెల్ని ఇప్పటివాటితో కలపొద్దనేది అందుకే.

మరొకటి. మబ్బు పట్టిన రోజుకు సున్నా వేశావు! సున్నా అంటే చూశాను, మచ్చ లేదు అని. చూడని రోజుకు గీత పెట్టాలి. 1645 నుంచి 1715 దాకా మచ్చలు నిజంగానే బాగా తగ్గాయి. కానీ ఆ కాలానికి తర్వాతివాళ్లు కట్టిన పట్టికల్లో, ఎవరూ చూడని రోజులు కూడా సున్నాలుగా చేరాయి. ఆ చిక్కు విప్పడానికి ఎంత శ్రమ పడ్డారో!

రెండు నెలలకే ఏమీ తేలలేదని దిగులు పడకు. ష్వాబే అనే పరిశీలకుడు 1826లో మొదలుపెట్టి, పదిహేడేళ్లు చూశాకే మచ్చలు సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతాయని గమనించాడు.

ఆ 60ని రబ్బరుతో చెరపకు, కనిపించేలా ఒక గీత కొట్టు. పక్కన 41 అని రాసి, తేదీ వెయ్యి. రేపు మళ్లీ అదే దుర్భిణితో, అదే అట్ట మీద బింబం పట్టి చూడు.

ఆశీస్సులతో,
తాతయ్య