గిటారు బ్రిడ్జి: జిగురు దేన్ని పట్టుకోవాలి?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో గిటారు ఉంటే ఒకసారి దగ్గరగా చూడండి. దాని పొట్టమీద గుండ్రని రంధ్రం ఒకటి ఉంటుంది. ఆ రంధ్రం దాటాక, తీగలు ముగిసేచోట, అడ్డంగా నల్లని కర్రముక్క ఒకటి కనిపిస్తుంది. దానిని బ్రిడ్జి అంటారు. బ్రిడ్జి అంటే వంతెన అని మీకు తెలుసు. తీగల కంపనాలు ఈ వంతెన మీదుగానే గిటారు పైపలకకు చేరతాయి. పైపలక కంపించి, తన చుట్టూ ఉన్న గాలిని కంపింపజేస్తుంది. అప్పుడే మనకు నాదం వినిపిస్తుంది.

నైలాన్ తీగలుండే క్లాసికల్ గిటారునే తీసుకుందాం. దాని బ్రిడ్జికి మేకులుండవు, మరలుండవు. వీణలోనూ వయొలిన్‌లోనూ తీగలు వంతెన మీదుగా దాటిపోయి, వాయిద్యం చివర బిగించి ఉంటాయి. అందువల్ల తీగలే వంతెనను కిందికి నొక్కి ఉంచుతాయి. క్లాసికల్ గిటారులో అలా కాదు. తీగల్ని బ్రిడ్జికే ముడివేస్తారు. తీగలు లాగే బలమంతా బ్రిడ్జి మీదే పడుతుంది. దాన్ని పట్టి ఉంచేది కాగితంకన్నా పలుచని జిగురుపొర ఒక్కటే!

ఆ పొర ఎంత బరువు మోస్తుందో లెక్క వేద్దామా?

లాగడం వేరు, ఊడదీయడం వేరు

ఆరు నైలాన్ తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు వాటి తన్యత మొత్తం సుమారు 40 కిలోలు. మీ వయసు పిల్లవాడొకడు రాత్రీపగలూ ఆ బ్రిడ్జిని పట్టుకుని వేలాడుతున్నట్టే అనుకోండి. బ్రిడ్జి పొడవు దాదాపు 18 సెంటీమీటర్లు, వెడల్పు 3 సెంటీమీటర్లు. అంటే అతికిన వైశాల్యం 54 చదరపు సెంటీమీటర్లు. 40 కిలోలను ఇంత వైశాల్యానికి పంచితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కూడా పడదు. కర్ర అతికించే మంచి జిగురు పదుల కిలోలనే తట్టుకుంటుంది. మరి కొన్ని గిటార్ల బ్రిడ్జిలు ఎందుకు ఊడిపోతున్నాయి?

కవరు మీద అంటించిన తపాలా బిళ్లను గుర్తు తెచ్చుకోండి. దానిమీద వేలు పెట్టి పక్కకు తోస్తే కదలదు. అదే ఒక మూల గోటితో లేపితే? చకచకా ఊడి వస్తుంది. తోసినప్పుడు బలం బిళ్ల అంతటా పంచుకుంటుంది. లేపినప్పుడు బలమంతా అంచున ఉన్న సన్నని గీత మీదే పడుతుంది.

గిటారులోనూ జరిగేది ఇదే. తీగలు పైపలకను ఆనుకుని ఉండవు. దానికి దాదాపు ఒక సెంటీమీటరు ఎత్తున ఉంటాయి. 40 కిలోల బలం, ఒక సెంటీమీటరు దూరం: బల భ్రామకం 40 కిలో-సెంటీమీటర్లు. ఇది బ్రిడ్జిని ముందుకు పల్టీ కొట్టించాలని చూస్తుంది. ముందు అంచు పలకను నొక్కుతుంది. వెనుక అంచు పైకి లేవాలని చూస్తుంది. ఆ లేపే బలం సుమారు 20 కిలోలు. పైగా గిటారు పైపలక మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లే. అది కొంచెం వంగుతుంది కనుక ఒత్తిడి వెనుక అంచు దగ్గర ఇంకా కేంద్రీకృతమవుతుంది. అంటే బ్రిడ్జికి అసలు గండం ఆ వెనుక అంచు దగ్గరే ఉందన్నమాట.

గొలుసులో బలహీనమైన లింకు

ఇప్పుడు జిగురు సంగతి చూద్దాం. గిటారు పైపలకను సాధారణంగా స్ప్రూస్ అనే శంఖాకార వృక్షపు కలపతో చేస్తారు. ఆ కలప నిండా సన్నని గొట్టాలవంటి కణాలుంటాయి. జిగురు పూయగానే అది పైనున్న కణాల్లోకి దిగి ఆరిపోతుంది. జిగురు అణువులకూ కలప అణువులకూ మధ్య ఆకర్షణ ఏర్పడుతుంది. వేరువేరు పదార్థాల అణువుల మధ్య ఉండే ఇటువంటి ఆకర్షణను అసంజన బలం అని మీరు భౌతికశాస్త్రంలో చదువుకునే ఉంటారు. ఈ బలం పనిచేయాలంటే జిగురు కలపను నిజంగా తాకాలి.

కాని గిటారుకు మెరుగు పెడతారు కదా! చెమట, తేమ తగలకుండా పైపలకకు వార్నీషో లక్క పాలిషో పూస్తారు. లక్క మన అడవుల్లో మోదుగ, రేగు వంటి చెట్లమీద పెరిగే చిన్న పురుగులు ఇచ్చే పదార్థం. దాన్ని శుద్ధి చేసి స్పిరిట్‌లో కరిగించి పాలిష్ తయారు చేస్తారు. ఈ మెరుగు కలప కణాల నోళ్లు మూసేస్తుంది. ఆ మెరుగు మీదే బ్రిడ్జిని అతికిస్తే జిగురు కలపను తాకదు, మెరుగును మాత్రమే తాకుతుంది. అప్పుడు బ్రిడ్జి, జిగురు, మెరుగు, కలప అనే గొలుసు తయారవుతుంది. ఏ గొలుసైనా దానిలోని బలహీనమైన లింకు దగ్గరే తెగుతుంది. ఇక్కడ ఆ లింకు మెరుగుపొర. కొన్నాళ్లకు బ్రిడ్జి తన అడుగున మెరుగు పెచ్చుల్ని అంటించుకుని లేచి వస్తుంది.

మరి ఏం చేయాలి?

మొదటి దారి: ముందే బ్రిడ్జి అతికించి, తరువాత మెరుగు పెట్టడం. జిగురుకు కలప దొరుకుతుంది. కాని బ్రిడ్జి అడ్డం వచ్చి దాని మూలల్లో పలకను నునుపు చేయడం, రుద్దడం కష్టమవుతుంది.

రెండవ దారి: పలకంతా మెరుగు పెట్టి, తరువాత బ్రిడ్జి వచ్చేచోట మాత్రం గీకేయడం. బ్రిడ్జిని సరైన స్థానంలో పెట్టి చుట్టూ గీత గీస్తారు. గీత లోపలి మెరుగును పదునైన ఉక్కు రేకుతో గీకి తీస్తారు. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. స్ప్రూస్ నారలు తీగల దిశలోనే సాగుతాయి. బ్రిడ్జి వాటికి అడ్డంగా కూర్చుంటుంది. గీత గీసే కత్తి కొంచెం లోతుగా దిగితే బ్రిడ్జి వెనుక అంచు వెంబడి నారలన్నీ తెగుతాయి. ఎక్కడ లేపే బలం ఎక్కువో సరిగ్గా అక్కడే కలపను మనమే కోసినట్టవుతుంది! అప్పుడు జిగురు గట్టిగానే ఉన్నా, పైపలకలోని కలప పొర చీలి బ్రిడ్జితోపాటు లేచి వస్తుంది. అందుకే పనివాళ్లు కత్తిని మెరుగు మందం మేరకే దించుతారు. ఆ మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు మాత్రమే.

మూడవ దారి: బ్రిడ్జి వచ్చేచోట ముందుగా అంటుకునే కాగితాన్ని అతికించి, మెరుగు పెట్టాక ఊడదీయడం. కాగితాన్ని బ్రిడ్జికన్నా చుట్టూ అర మిల్లీమీటరు చిన్నదిగా విడిగా కత్తిరించి తెస్తారు. గిటారు మీద పెట్టి కోయరు. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు. ఊడదీసేటప్పుడు నారలు లేవకుండా మెల్లగా లాగుతారు. కాగితం జిగురు మరక మిగిలితే శుభ్రం చేస్తారు. చుట్టూ మిగిలిన సన్నని మెరుగు గట్టు బ్రిడ్జిని పైకెత్తకుండా, బ్రిడ్జి అడుగు అంచును అంతమేరకు పలుచన చేస్తారు.

ఏ దారిన వెళ్లినా చివరి మెట్లు ఒకటే. కలప ఉపరితలం గాలి తగిలి పాతబడుతుంది. అందువల్ల జిగురు పూయబోయే ముందు దాన్ని తేలికగా గీకి తాజాగా చేస్తారు. బ్రిడ్జి రోజ్‌వుడ్‌తో చేసినదైతే దానిలో సహజంగా నూనెలుంటాయి కనుక దాని అడుగునూ అప్పుడే గీకుతారు. పైపలక సాధారణంగా పూర్తి చదునుగా ఉండదు, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. బ్రిడ్జి అడుగును ఆ వంపుకు సరిపోయేట్టు అరగదీస్తారు. సందు ఉంటే జిగురుతో నింపేయవచ్చుననుకోవడం పొరపాటు. పలుచని పొరకున్న పట్టు మందపు పొరకు ఉండదు. తరువాత నాద రంధ్రంలోంచి క్లాంపులు పెట్టి బిగించి, ఒక రోజైనా ఆరనిచ్చి, ఆపైనే తీగలు కడతారు.

ఇంత చేసినా ఎండలో నిలిపిన కారులో గిటారును వదిలేస్తే ముప్పు తప్పదు. వేడికి జిగురు మెత్తబడుతుంది. తీగలు మాత్రం లాగుతూనే ఉంటాయి.

మీరే చేసి చూడండి

వడ్రంగి దగ్గర వార్నీషు వేసిన చిన్న పలకముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. దానిమీద ఒక సగాన్ని గరుకు కాగితంతో రుద్ది, తెల్లని కలప బయటపడేలా చేయండి. రెండో సగాన్ని అలాగే వదిలేయండి. రెండువైపులా ఒక్కొక్క నీటిచుక్క వేయండి. వార్నీషు మీద చుక్క పూసలా నిలుస్తుంది. కలప మీద పరుచుకుని ఇంకుతుంది.

పలక బాగా ఆరాక, రెండువైపులా తెల్ల జిగురుతో ఒకే కొలత ఉన్న చిన్న కర్రముక్కల్ని అతికించండి. మీద ఇటుక పెట్టి ఒక రోజు ఉంచండి. మరునాడు చెంచా కాడతో అంచున లేపి చూడండి. ఏది ముందు ఊడింది? అంతకన్నా ముఖ్యం, ఊడిన ముక్క అడుగున ఏముంది? మెరిసే పెచ్చు ఉంటే వార్నీషు ఓడిపోయింది. జిగురు ఒక్కటే ఉంటే దానికి పట్టే దొరకలేదు. కలప నారలు అంటుకుని ఉంటే ఓడిపోయింది కలప, జిగురు కాదు. అతుకు బాగా కుదిరిందనడానికి పనివాళ్లు చూసే గుర్తు కూడా అదే.

ఈసారి ఎవరైనా గిటారు వాయిస్తుంటే విన్నప్పుడు, తీగలకింద ఉన్న ఆ నల్లని కర్రముక్కను ఒకసారి చూడండి. దానికింద మెరుగు లేని ఒక చోటు ఉంది. అది ఎవరికీ కనిపించదు. గిటారు పలుకుతున్నదంటే ఆ చోటు పట్టు విడవలేదన్నమాట.