కుర్చీ ఇచ్చిరి, కూర్చుండనిచ్చిరా?

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 27:1-11, 36:1-12, యెహోషువ 17:3-4

ముఖ్యాంశము: హక్కు చట్టములో వ్రాయబడినంత మాత్రమున చేతికి రాదు. నిర్ణయము జరుగు చోట స్త్రీ తానే ఉండి మాటలాడవలెను.



ఈ పాఠమును మా తప్పుతోనే మొదలుపెట్టుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట తిరుత్తణి ప్రాంతమున మేము పనిచేసిన పాఠశాలలో కొత్త గది ప్రారంభోత్సవము జరిగెను. ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంటు ఒక స్త్రీ. ఆహ్వానపత్రికలో ఆమె పేరే అచ్చువేయించితిమి. ఆమె వచ్చెను, వెంట ఆమె భర్తయు వచ్చెను. వేదికమీద కుర్చీ చూపగానే ఆయన కూర్చుండెను. ఆమె వెళ్లి పిల్లల తల్లుల నడుమ చాపమీద కూర్చుండెను. ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఎన్నో ఏండ్లు పిల్లలకు పౌరశాస్త్రము చెప్పిన మేమే పూలదండను ఆయన మెడలో వేసితిమి. ఎవరును ఏమియు అనలేదు. ఇంటికి వచ్చిన తరువాత మా ఇంటామె "దండ ఎవరికి వేసితిరి?" అని అడిగినప్పుడు గాని మేము చేసినదేమో మాకు తెలియలేదు.

1. ఐదుగురు అక్కచెల్లెండ్రు

సెలోపెహాదు అరణ్యములో మరణించెను. అతనికి కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు కుమార్తెలు మాత్రమే. వాగ్దాన దేశమును పంచుటకు జనసంఖ్య వ్రాసిన కాలమది. ఈ ఐదుగురు ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్దకు వచ్చి మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు యెదుటను, ప్రధానుల యెదుటను, సర్వసమాజము యెదుటను నిలిచిరి. తీర్పు చెప్పు స్థానములో ఉన్నవారందరును పురుషులే. కుమారులు లేనందున తమ తండ్రి పేరు ఎందుకు మాసిపోవలెనని వారు అడిగిరి. తండ్రి సహోదరులతోపాటు తమకును స్వాస్థ్యము ఇమ్మనిరి. మోషే అంత పెద్ద నాయకుడైనను తనకు తానుగా తీర్పు చెప్పలేదు. ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు అడిగినది న్యాయమేనని జవాబు వచ్చెను.

ఇప్పుడు 36వ అధ్యాయము చూడుడి. ఈసారి గిలాదు కుటుంబపు పెద్దలు మోషేయొద్దకు వచ్చిరి. ఈ స్త్రీలు వేరు గోత్రములో పెండ్లి చేసికొనినయెడల భూమి తమ గోత్రమునుండి పోవునని వారి చింత. స్వగోత్రములోనే పెండ్లాడవలెనని ఆజ్ఞ వచ్చినది, స్త్రీలు దానికి లోబడిరి. ఆ తీర్పును మేము ప్రశ్నించుట లేదు. మాటలాడినది ఎవరో గమనించుడని మాత్రము కోరుచున్నాము. 27లో స్త్రీలు తమ నోటితో మాటలాడిరి. 36లో పురుషులు వారిని గూర్చి మాటలాడిరి. ఆ స్త్రీల మాట ఒక్కటియు అక్కడ లేదు.

కథ అంతటితో ముగియలేదు. యెహోషువ కాలమున భూమి పంచు దినము వచ్చినప్పుడు ఆ స్త్రీలే మరల పెద్దల యెదుటికి వచ్చి, పాత ఆజ్ఞను జ్ఞాపకము చేయవలసివచ్చెను. అప్పుడే వారికి భూమి దొరికెను. ఆజ్ఞకును అది చేతికి వచ్చుటకును నడుమ ఎంత దూరమున్నదో ఇందువలన గ్రహించవచ్చును.

2. మన చట్టము ఇచ్చినది

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చెను. పంచాయతీ సభ్యుల స్థానములలోను, అధ్యక్ష పదవులలోను మూడింట ఒకవంతుకు తగ్గకుండ స్త్రీలకు కేటాయించవలెనని అది శాసించెను. తమిళనాడు పంచాయతీల చట్టము 1994లో వచ్చెను. 1996 అక్టోబరులో దాని క్రింద మొదటి ఎన్నికలు జరిగెను. 2016లో రాష్ట్ర శాసనసభ స్త్రీల వంతును సగమునకు పెంచెను. ఆ ప్రకారము 2019 డిసెంబరులో మన తిరువళ్లూరు జిల్లా గ్రామములలో ఎన్నికలు జరిగెను. జిల్లాలో 14 యూనియన్లు, 526 గ్రామ పంచాయతీలు. వాటిలో రమారమి సగము చోట్ల ప్రెసిడెంటు కుర్చీ స్త్రీలది. 2025 జనవరితో వారి ఐదేండ్ల పదవీకాలము ముగిసెను. ఆ ఐదేండ్లలో ఏమి జరిగెనో కొంచెము ఆలోచింతము.

3. కుర్చీకి అడ్డములు

2020 ఆగస్టు 15న మన జిల్లాలోనే, గుమ్మిడిపూండి యూనియన్‌లోని ఆత్తుపాక్కములో, దళిత స్త్రీయైన ప్రెసిడెంటును జెండా ఎగురవేయనీయలేదు. సంగతి పత్రికలకెక్కెను. ఆగస్టు 20న జిల్లా కలెక్టరు స్వయముగా ఆ ఊరికి వచ్చి ఆమెచేత జెండా ఎగురవేయించిరి. ఆ కలెక్టరును స్త్రీయే. అదే సంవత్సరము అక్టోబరులో కడలూరు జిల్లా తెర్కు తిట్టైలో, తక్కినవారు కుర్చీలలో ఉండగా దళిత స్త్రీ ప్రెసిడెంటు నేలమీద కూర్చున్న ఫోటో దేశమంతటను ప్రచారమయ్యెను.

కలెక్టరు ప్రతి ఊరికి రాలేరు. పత్రికలకెక్కని అడ్డములు మూడు మేము చూచితిమి.

మొదటిది ఇల్లు. ఎన్నికైనది భార్య, పని నడుపువాడు భర్త. లేదా మామగారు, లేదా కుమారుడు. దీనికి ఉత్తరాదిన 'సర్పంచ్ పతి' అని పేరే పెట్టిరి. ఇది ఎంత వ్యాపించెననగా, 2023లో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ దీనిని పరిశీలించుటకు ఒక కమిటీనే నియమించెను.

రెండవది చెక్కు. తమిళనాడులో పంచాయతీ చెక్కుమీద ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు ఇద్దరును సంతకము చేయవలెను. వైస్ ప్రెసిడెంటు పదవికి స్త్రీల కేటాయింపు లేదు గనుక అక్కడ తరచుగా పురుషుడే కూర్చుండును. అతడు సంతకము నిలిపినయెడల వీధిదీపమునకు బల్బు కొనుటకైనను డబ్బు రాదు.

మూడవది మన తెలుగువారికి ప్రత్యేకమైనది, అనగా భాష. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రములోనికి మారెను. మనలో కొందరు ఇల్లు కదలకుండగనే రాష్ట్రము మారినవారు, కొందరు పనులకొరకు ఇటు వచ్చి స్థిరపడినవారు. పంచాయతీ తీర్మానపు పుస్తకము తమిళములో ఉండును. తెలుగు బడిలో చదివిన మన తల్లులకు తమిళము మాటలాడుట వచ్చును, చదువుట రాదు. ఎవరో చదివి వినిపించినదాని క్రింద సంతకము పెట్టవలసినదే. 2006 చట్టము తరువాత ఒకటవ తరగతినుండి తమిళము నేర్చిన మన కుమార్తెలకు ఈ అడ్డము లేదు. అమ్మ సంతకము పెట్టకముందు కుమార్తె ఆ కాగితమును చదివి చెప్పవచ్చును.

4. నష్టము ఎవరికి?

"పురుషులు నిర్ణయించినను ఊరికి మంచియే చేయుదురు గదా" అని కొందరు సహోదరులు అందురు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాల పంచాయతీలను రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో అను ఆర్థిక శాస్త్రజ్ఞులు పరిశీలించి 2004లో ప్రకటించిరి. అధ్యక్ష పదవి స్త్రీలకు కేటాయించిన చోట్ల త్రాగునీటికి ఎక్కువ ఖర్చుచేసిరని తేలెను. నీళ్లు మోయువారికే కుళాయి విలువ తెలియును.

నెల్లూరు జిల్లా దూబగుంట మనకు దూరము కాదు. అక్షరాస్యత తరగతులలో కూర్చుండిన స్త్రీలు 1992లో సారాకు వ్యతిరేకముగా లేచిరి. వారిలో రోశమ్మ పేరు అందరికి తెలిసినదే. ఊరి పెద్దలెవరును ఆ సంగతిని ముందు పెట్టలేదు. 1993 అక్టోబరు 1నుండి ఆంధ్రప్రదేశ్ అంతటను సారా నిషేధింపబడెను.

ఆస్తి విషయము మరింత దగ్గరిది. తండ్రి వీలునామా వ్రాయక మరణించినయెడల, 1925 భారత వారసత్వ చట్టము క్రింద క్రైస్తవ కుమార్తెకు కుమారునితో సమానమైన భాగము కలదు. రికార్డులలో హిందువులుగా ఉన్న కుటుంబములకు 2005 సవరణ కూడ కుమార్తెకు సమాన భాగమునే ఇచ్చుచున్నది. అయినను మన ఇండ్లలో జరుగునదేమి? అన్నదమ్ములు, మేనమామ, ఊరి పెద్ద, ఒక్కొక్కప్పుడు సంఘపెద్ద కూర్చుండి మాటలాడుదురు. చెల్లెలిని వంటింటినుండి పిలిచి విడుదల పత్రముమీద సంతకము పెట్టమందురు. ఇష్టపడి వదలుకొనుట వేరు, అడుగకుండగనే వదిలించుట వేరు. ఇది 36వ అధ్యాయపు సభయే, 27వ అధ్యాయపు సభ కాదు.

5. మన సంఘములో

ఊరిని విమర్శించి మన ఇంటిని విడిచిపెట్టరాదు. మేము సభ్యులమై యుండిన ఒక సంఘ కమిటీలో తొమ్మిదిమందిమి, అందరమును పురుషులమే. స్త్రీల సమాజము వారు ఏండ్ల తరబడి పిడికెడు బియ్యము కూర్చి, అమ్మి, కొంత సొమ్ము నిలువచేసిరి. మందిరమునొద్ద స్త్రీలకు మరుగుదొడ్డి లేదు. ఆ సొమ్ముతో అది కట్టించవలెనని వారి కోరిక. మేము ఒక్క సాయంకాలమున కూర్చుండి ప్రార్థించి, ఆ సొమ్ముతో ప్రహరీగోడ కట్టుటకు తీర్మానించితిమి. వారిని అడుగలేదు. గోడ నేటికిని నిలిచియున్నది. ఆ ప్రక్కనే స్త్రీలు రోడ్డు దాటి పొరుగువారి ఇంటికి పోవుట ఎన్నో ఏండ్లు చూచితిమి. దొంగతనమనుటకు మాకు నోరు రాదు గాని, న్యాయము మాత్రము కాదు.

మన తెలుగు బాప్తిస్టుల ఆరంభము ఇట్లు లేదు. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద ప్రార్థించినవారు ఐదుగురు. వారిలో ముగ్గురు స్త్రీలు: జ్యూయెట్ దొరసాని, జూలియా, రూతు. ఆ ప్రార్థనకు వారు ఎవరి అనుమతితోనో వెనుక నిలువలేదు, ప్రక్కనే మోకరించిరి.

కాబట్టి సహోదరులారా, మోషేను చూచి నేర్చుకొందము. తన యెదుట నిలిచినవారి మాట విని, తనకంటె పైవాని యొద్దకు దానిని తీసికొనిపోయెను. సహోదరీలారా, ఆ ఐదుగురిని చూచి నేర్చుకొనుడి. మొదటిసారి అడిగిరి, మరచినప్పుడు మరల అడిగిరి. ఇకమీదట మన మందిరమునకు గాని పాఠశాలకు గాని స్త్రీ ప్రెసిడెంటు వచ్చినప్పుడు కుర్చీ ఆమెకే చూపుదము, దండ ఆమెకే వేయుదము. మేము చేసిన తప్పు మీరు చేయకుందురు గాక.

కూడికలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘ కమిటీలో స్త్రీలు ఎందరు? వారు చివరిసారి ఏ విషయముమీద మాటలాడిరి?

2. స్త్రీల సమాజపు సొమ్మును ఖర్చుచేయు తీర్మానము ఎవరు చేయుచున్నారు?

3. మీ కుటుంబములో విడుదల పత్రము వ్రాయించినప్పుడు, ఆ సహోదరికి దానిని చదివి వినిపించిరా? ఆమె భాగమెంతో చెప్పిరా?

4. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల గ్రామసభలకు మన సంఘ స్త్రీలు కలిసి వెళ్లుటకు ఏమి అడ్డము?