తెగిన అడ్రస్ జాడ తీసే ఇంజినీరుకు గిరాకీ

పైథాన్ వచ్చని చెప్పే బీటెక్ విద్యార్థులకు కొదవ లేదు. ఆ పైథాన్ ప్రోగ్రామే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ఒక్క మాట చెప్పి ఆగిపోతే, తర్వాత ఏం చేయాలో తెలిసినవారు తక్కువ. నంపై, పైటార్చ్‌లలో బరువైన పని చేసేది సీ, సీ ప్లస్ ప్లస్ కోడే. పై భాషలో ఎక్సెప్షన్ వస్తే పట్టుకోవచ్చు. కింద నేటివ్ కోడ్ తప్పుచేస్తే ప్రాసెస్ మొత్తం పోతుంది. ఆ పొరలోకి దిగి కారణం వెతకగలిగినవారి అవసరం డేటాబేస్, ఎంబెడెడ్, మొబైల్, ఏఐ పనులన్నిటిలోనూ ఉంది.

ఈ విద్యకు మంచి మొదలు 64-బిట్ తెచ్చిన తప్పులు. మామూలు 32-బిట్ సిస్టమ్‌లలో ఇంట్, లాంగ్, పాయింటర్ మూడూ 4 బైట్లే కాబట్టి అడ్రస్‌ను ఇంట్‌లో దాచినా నడిచిపోయింది. 64-బిట్ లినక్స్‌లో లాంగ్, పాయింటర్ 8 బైట్లయ్యాయి, ఇంట్ మాత్రం 4 దగ్గరే ఉంది. 64-బిట్ విండోస్‌లో లాంగ్ కూడా 4 బైట్లే. లినక్స్‌లో చక్కగా నడిచిన పైథాన్ సీ ఎక్స్‌టెన్షన్ విండోస్‌లో కూలడానికి ఇదొక కారణం.

దీన్ని చదివి వదిలేయకండి, చేసి చూడండి. లినక్స్ ల్యాప్‌టాప్‌లో పైథాన్ సీటైప్స్‌తో సీ లైబ్రరీలోని, అడ్రస్ తిరిగిచ్చే స్ట్ర్‌డప్‌ను పిలవండి. అది తిరిగిచ్చే విలువ రకాన్ని రెస్‌టైప్‌తో మనం చెప్పకపోతే, ఆ ఫంక్షన్ ఇంట్ ఇస్తుందనే సీటైప్స్ అనుకుంటుంది. దాంతో అడ్రస్‌లో పై సగం తెగిపోతుంది. మిగిలిన ముక్కను, అడ్రస్ దగ్గరున్న స్ట్రింగ్‌ను చదివే స్ట్రింగ్-అట్‌కు ఇస్తే ప్రోగ్రామ్ సాధారణంగా అక్కడికక్కడే కూలుతుంది.

ఇప్పుడు అదే ప్రోగ్రామ్‌ను జీడీబీ డీబగ్గర్‌లో నడిపి బ్యాక్‌ట్రేస్ తీయండి, రిజిస్టర్లు చూడండి. 8086 ల్యాబ్ చేసిన ఈసీఈ విద్యార్థులకు ఇవి కొత్త కావు, వారు వెనకాడనక్కరలేదు. 64-బిట్ ఇంటెల్, ఏఎండీ లినక్స్‌లో హీప్ అడ్రస్ సాధారణంగా 55తోనో, 56తోనో, షేర్డ్ లైబ్రరీ అడ్రస్ 7ఎఫ్‌తోనో మొదలై 12 హెక్స్ అంకెలుంటుంది. తెగిన అడ్రస్‌కు 8 అంకెలే మిగులుతాయి, లేదా ముందు వరుసగా ఎనిమిది ఎఫ్‌లు వచ్చి చేరతాయి. ఈ రూపం కంటపడిందంటే ఎక్కడో పాయింటర్ ఇంట్‌గా మారిందని అనుమానించాలి.

బ్యాక్‌ట్రేస్‌లో పైన కనిపించే ఫంక్షన్ చాలాసార్లు నిర్దోషి. స్ట్ర్‌లెన్ దగ్గర కూలిందని స్ట్ర్‌లెన్‌ను తప్పుపట్టలేం; చెడ్డ అడ్రస్ ఎక్కడ పుట్టిందో ఒక్కో ఫ్రేమూ వెనక్కి వెళ్లి చూడాలి. ఈ ఓపికే ఈ ఉద్యోగానికి అసలు అర్హత అని నా నమ్మకం. టూల్స్ సంగతి తర్వాత: పైథాన్ ఫాల్ట్‌హ్యాండ్లర్, వాల్‌గ్రైండ్, అడ్రస్ శానిటైజర్ ఈ మూడూ అలవాటైతే మొదటి ఉద్యోగానికి చాలు.

కంపైలర్ వార్నింగులను మాత్రం ఎప్పుడూ దాటేయకండి. హెడర్ చేర్చడం మరచిపోతే, ఆ ఫంక్షన్ ఇంట్ ఇస్తుందని పాత సీ కంపైలర్లు ఊహించుకునేవి. సీటైప్స్ ప్రయోగంలో చూసిన తప్పే ఇదీ. ఏళ్లపాటు వార్నింగ్‌గా మిగిలిన దీన్ని 2024లో వచ్చిన జీసీసీ 14 ఎర్రర్‌గా మార్చింది.

అందుకే నా సలహా ఇది: పాత ఓపెన్ సోర్స్ సీ ఎక్స్‌టెన్షన్ ఒకటి తీసుకుని జీసీసీ 14తో కంపైల్ చేయండి. దొరికిన తప్పు సరిదిద్ది ప్యాచ్ పంపండి. రెజ్యూమెలో ‘డీబగ్గింగ్ వచ్చు’ అని రాసే చోట ఆ ప్యాచ్ లింకు పెట్టి, క్రాష్ ఎలా వచ్చిందో, కారణం ఎలా దొరికిందో ఒక పేజీ రాసి జతచేయండి.