రాజ్యాల మధ్య యుద్ధంగా సాగే ఆన్‌లైన్ ఆట ఎలా నిలబడుతుంది?

పురాణగాథల మీద అల్లిన రాజ్యాల యుద్ధానికి మంచి ఉదాహరణ 2001 అక్టోబరులో అమెరికాలో విడుదలైన ‘డార్క్ ఏజ్ ఆఫ్ కేమలాట్’. మిథిక్ ఎంటర్‌టైన్‌మెంట్ తయారుచేసిన ఈ ఆటలో మూడు రాజ్యాలు: ఆర్థర్ రాజు కథల నుంచి ఆల్బియన్, నార్స్ పురాణాల నుంచి మిడ్‌గార్డ్, ఐర్లండ్ గాథల నుంచి హైబర్నియా. ఆటగాడు ఒక పక్షాన చేరి సరిహద్దు కోటలు ముట్టడిస్తాడు. శత్రువు కాపాడుకునే పవిత్ర వస్తువును ఎత్తుకొస్తే, ఆ బలం తన రాజ్యంలో అందరికీ దక్కుతుంది. ఎదుటి రాజ్యంవాళ్ల చాట్ అర్థంకాని అక్షరాలుగా కనిపిస్తుంది కాబట్టి రాయబారాలకు తావులేదు.

అసలు తెలివంతా మూడు పక్షాలు పెట్టడంలో ఉంది. రెండే ఉంటే జనం ఎక్కువున్న వైపు గెలుస్తూ పోతుంది, ఓడేవాళ్లు విసుగెత్తి ఆట మానేస్తారు. మూడోది ఉంటే బలవంతుడి మీదికి మిగతా ఇద్దరూ ఒకేసారి దండెత్తవచ్చు.

మిథిక్‌ను 2006లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొన్నది. ఆట నిర్వహణ 2014లో బ్రాడ్‌స్వర్డ్ సంస్థకు మారింది.

తెలుగువాళ్లకు దగ్గరిది, 2017లో బెంగళూరు సంస్థ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ తెచ్చిన ‘బాహుబలి: ది గేమ్’. అందులో కోట కట్టి, సైన్యాన్ని పెంచి కాలకేయులతో పోరాడాలి. మహాభారత యుద్ధంలో ఉన్నవి రెండే పక్షాలు కాబట్టి దానితో ఇలాంటి ఆట తయారుచేయడం కష్టం. పాండవులకు 7 అక్షౌహిణులు, కౌరవులకు 11. ఆ తేడా కథకు ప్రాణం, ఆన్‌లైన్ ఆటకు మాత్రం చేటు. హైదరాబాద్ హైటెక్ సిటీలో ఎవరైనా మహాభారత ఆటను తలకెత్తుకుంటే ముందు తేల్చుకోవలసింది మూడో పక్షం ఎవరన్నదే: ద్వారక యాదవులా, నాగులా?